రికార్డుకెక్కని ఉద్దానం పాట

1966 క్రిస్మస్ దగ్గరపడుతున్నా బీటిల్స్ కొత్త ఆల్బం తయారుకాలేదు. అంతకుముందు ఏటా పండక్కి ప్లేటు అందించిన ఆ నలుగురు కుర్రాళ్లు ఆ ఏడు పండగలోపు స్టూడియో పని ముగించలేదు. పండగ బేరం వదులుకోవడం ఈఎంఐ కంపెనీకి ఇష్టం లేదు. పాత పాటల్లోంచి 16 ఏరి, 'ఏ కలెక్షన్ ఆఫ్ బీటిల్స్ ఓల్డీస్' అని పేరుపెట్టి డిసెంబరులో అమ్మకానికి తెచ్చింది. ఒక్కటి మినహా అన్నీ బ్రిటన్ శ్రోతలు అప్పటికే కొని వింటున్న పాటలే. బీటిల్స్ మొదటి ప్లేటు వచ్చింది 1962లో. నాలుగేళ్లయినా నిండని పాటలు అప్పుడే పాతవన్న పేరుతో రెండోసారి అమ్ముడయ్యాయి.

'గ్రేటెస్ట్ హిట్స్' అనే సరుకు ఇలాంటి అవసరాల్లోంచే పుట్టింది. అమెరికాలో గాయకుడు జానీ మాథిస్ పాటలతో 1958లో వచ్చిన సంకలనం ఆ పేరుతో వచ్చిన తొలి ఆల్బంగా చెబుతారు. అది ఏళ్ల తరబడి అమ్మకాల పట్టిక దిగలేదు. కొత్తగా స్టూడియో ఖర్చు లేదు, పాటగాడిని బతిమాలే పని లేదు, జనానికి నచ్చుతుందో లేదోనన్న బెంగ అసలే లేదు. కంపెనీలన్నీ ఆ కిటుకు పట్టుకున్నాయి.

ఇంత చెప్పడం ఎందుకంటే, ఇలాంటి సంకలనం చేతికొచ్చినప్పుడు ఇవి ఆ బృందం పాడిన వాటిలోకెల్లా గొప్పవి కాబోలు అనుకుంటాం. ఏరినవాళ్లకు నాణ్యం ఒక్కటే కొలత కాదు. బీచ్ బాయ్స్ సంగతి చూడండి. 1974 నాటికి వాళ్లు క్యాపిటల్ కంపెనీని వదిలి వేరేచోటికి వెళ్లిపోయారు. కానీ అరవైల్లో వాళ్లు పాడిన పాటల హక్కులు క్యాపిటల్ దగ్గరే ఉన్నాయి. ఆ కంపెనీ 1962-65 మధ్య పాటలు కూర్చి 'ఎండ్‌లెస్ సమ్మర్' విడుదల చేస్తే అది అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. 1965 తర్వాత వాళ్లు చేసిన గంభీరమైన పని ఆ ప్లేటులో లేదు. దానితో ఒక తరం శ్రోతల దృష్టిలో బీచ్ బాయ్స్ అంటే సముద్రపు ఒడ్డున ఆడిపాడే కుర్రాళ్లే అయ్యారు.

ఇక 2000లో వచ్చిన బీటిల్స్ సంకలనం 'వన్'. దాని నియమం కచ్చితమైనది: బ్రిటన్‌లోగానీ అమెరికాలోగానీ మొదటి స్థానం అందుకున్న పాటలే అందులో ఉండాలి. అవి 27 తేలాయి. ఒక సీడీలో పట్టేంత, 79 నిమిషాలు. మూడు కోట్ల ప్రతులకు పైగా అమ్ముడయ్యాయి. కానీ వాళ్లకు పేరు తెచ్చిన తొలి పాటల్లో ఒకటైన 'ప్లీజ్ ప్లీజ్ మీ' అందులో లేదు. సంకలనకర్తలు ప్రమాణంగా తీసుకున్న బ్రిటన్ పట్టికలో అది రెండో స్థానం దగ్గర ఆగింది. 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్' కూడా లేదు. వాళ్ల మొత్తం పనిలో శిఖరమని చాలామంది భావించే పాట అది. పట్టికల లెక్కలో మొదటి స్థానం దానికి రాలేదు గనుక సంకలనంలో చోటు దొరకలేదు.

హక్కు ఎవరిదో, ప్లేటులో ఎన్ని నిమిషాలు పడతాయో, ఏ లెక్క ప్రమాణమో, ఈ మూడూ కలిసి ఏ పాటలు మిగలాలో తేలుస్తాయి. ఈ సంగతిని మనసులో పెట్టుకుని అదే అరవైల్లో శ్రీకాకుళం జిల్లా పలాస వైపు చూస్తే నాకు కనిపించేదొకటి ఉంది. దాని గురించే ఈ వ్యాసం.

ముందు ప్లేటు సంగతి. మన దేశంలో గ్రామఫోను కంపెనీ పెద్ద కర్మాగారం కలకత్తా శివార్లలోని దమ్‌దమ్‌లో ఉండేది. 1928 నుంచీ అక్కడ ప్లేట్లు ఒత్తేవారు. తెలుగు సినిమా పాటలు మద్రాసు స్టూడియోల్లో పాడితే, వాటి ప్లేట్లు దమ్‌దమ్‌లో తయారై మళ్లీ దక్షిణాదికి దిగేవి. బీటిల్స్ పాటలను కూడా మన దేశం కోసం అక్కడే ఒత్తారు, అదీ నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు ప్లేట్ల మీద. బ్రిటన్ అప్పటికి ఆ రకాన్ని వదిలేసింది. ఇక్కడ కరెంటు లేని ఇళ్లలో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోన్లు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి, అరవైల నడుమ దాకా ఆ పాటలను వాటికి సరిపడే ప్లేట్లుగా కూడా అందించారు. ఇవాళ ఆ భారతీయ 78లు ప్రపంచమంతటా బీటిల్స్ సేకర్తలు వెతుక్కునే సరుకు.

కలకత్తా నుంచి మద్రాసు వెళ్లే రైలు మార్గం మీదే పలాస ఉంది. ఈ దారి ఇక్కడివాళ్లకు కొత్త కాదు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకు, కలకత్తా చుట్టూ ఉన్న జనపనార మిల్లులకు శ్రీకాకుళం జనం తరాలుగా వలస వెళ్లింది దీని మీదుగానే. ఇంగ్లండు పాటైనా, ఘంటసాల పాటైనా, సుశీల పాటైనా దమ్‌దమ్‌లో ఒత్తుకుని ఇటు దిగింది. ఘంటసాల విజయనగరం సంగీత కళాశాలలో, పూట కూటికి ఇల్లిల్లూ తిరిగి మరీ చదువుకున్నాడు. సుశీల పుట్టిందే విజయనగరంలో. ఉత్తరాంధ్ర గొంతు ప్లేటు ఎక్కలేదని ఎవరూ అనలేరు. అయితే అది ఎక్కింది సినిమా పాటగా, మద్రాసు చేరాక.

పలాస చుట్టుపక్కల ఉద్దానం పల్లెల్లో ఆ పాట వినబడేది పెళ్లికి కట్టిన మైకుసెట్టులో, సినిమా హాల్లో ఆట మొదలయ్యే ముందు. రేడియో ఉన్న ఇంట్లో సిలోన్ కేంద్రం నుంచి మీనాక్షి పొన్నుదురై గొంతు. 1963 నుంచి విశాఖపట్నం ఆకాశవాణి. కొబ్బరితోటల మధ్య ఊళ్లకు బయటి సంగీతం వచ్చే దారులు ఇంతే. లోపల మాత్రం వేరే సంగీతం ఉండేది.

జముకు గుండ్రని డొల్ల వాయిద్యం. ఒక వైపు తోలు మూసి ఉంటుంది, ఆ తోలు నడిమిలోంచి తీగ సాగుతుంది. డొల్లను చంకలో ఇరికించి, తీగను బిగిస్తూ సడలిస్తూ మీటుతారు. అందుకే అది తాళమూ వేస్తుంది, శ్రుతిలా పైకీ కిందికీ ఊగుతుంది కూడా. ఒక కథకుడు, పక్కన జముకు, వంత పాడేవాళ్లు. గ్రామదేవతల కథలు రాత్రి మొదలుపెడితే తెల్లవారేదాకా సాగేవి. కథ మధ్యలో పాట, పాట మధ్యలో మాట, మాట మధ్యలో ఎదురుగా కూచున్నవాళ్లతో పలకరింపు.

పలాస దగ్గరి బొడ్డపాడులో గుడి అర్చకుడిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి ఈ రూపాన్ని అందిపుచ్చుకున్నాడు. అప్పటికే కోస్తాలో ఇలాంటి పని జరిగి ఉంది. 1943లో ఏర్పడ్డ ప్రజానాట్యమండలి బుర్రకథను రాజకీయ వేదిక ఎక్కించింది, నాజర్ దాన్ని తెలుగునాడంతా మోగించాడు. పాణిగ్రాహి మాత్రం గుంటూరు బుర్రకథను తెచ్చుకుని ఉద్దానంలో పాడలేదు. తన జనానికి చిన్నప్పటినుంచీ చెవిలో ఉన్న జముకును పట్టుకున్నాడు. అమ్మవారి కథ నడిచే నడకలో భూస్వామి కథ, అప్పు పత్రాల కథ, కొండమీద పోడు కొట్టుకునే గిరిజనుడి కథ వినిపించాడు. నాటికలు రాశాడు, విడి పాటలు కట్టాడు, బృందంతో ఊరూరా తిరిగాడు. కళారూపం ఎంపికలో అంత తెలివి చూపిన తెలుగు కవులు నాకు ఎక్కువమంది కనబడరు.

తర్వాతి చరిత్రను ఇక్కడ విస్తరించను. పార్వతీపురం ఏజెన్సీలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు ఉపాధ్యాయులు కట్టిన గిరిజన సంఘం, 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనుల కాల్చివేత, 1968 చివర ఉద్యమం ఆయుధం పట్టడం, ఆపై ఒక వైపు వర్గశత్రు నిర్మూలన పేరిట హత్యలు, మరోవైపు ఎన్‌కౌంటర్ల పేరిట మరణాలు. పాణిగ్రాహి 1969 డిసెంబరులో రంగమటియా కొండల్లో పంచాది నిర్మల తదితరులతోపాటు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆ మరణాన్ని ఎలా చూడాలన్న విషయంలో జిల్లాలో ఇప్పటికీ రెండు మాటలున్నాయి. పాట విషయంలో మాత్రం ఒకే మాట: జనం దాన్ని వదల్లేదు.

లివర్‌పూల్ బృందానికీ బొడ్డపాడు బృందానికీ కాలం ఒకటే. బీటిల్స్ తొలి ప్లేటు 1962, విడిపోవడం 1970. పాణిగ్రాహి పాట ఊరూరా తిరిగిందీ ఆ ఏళ్లలోనే. అక్కడ దాదాపు ప్రతి పాటకూ స్టూడియో టేపు ఉంది, పాడిన రోజు రాసిన డైరీ ఉంది, వదిలేసిన ప్రయత్నాలు కూడా చాలావరకు పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి. ఇక్కడ పాట దమ్‌దమ్ ప్లేటు దాకా చేరలేదు.

ఎందుకు చేరలేదంటే వెంటనే రాజకీయమే కారణమంటాం. అది నిజమే గానీ, రాజకీయం లేకపోయినా చేరేది కాదు. పది అంగుళాల 78 ప్లేటులో ఒక్కో వైపు మూడు నిమిషాలు పైచిలుకు పడుతుంది. రాత్రంతా సాగే కథను అందులోకి ఎలా కుదిస్తారు? తెలుగులో ప్లేటుకు బేరం తెచ్చిపెట్టేది సినిమా, కాబట్టి కంపెనీ పెట్టుబడి సినిమా పాటకే. స్టూడియో మద్రాసులో ఉంది, జముకు కళాకారుడు పలాసలో ఉన్నాడు, మధ్యలో టిక్కెట్టు ఖర్చు పెట్టేవారెవరూ లేరు. ఊళ్లలో టేపురికార్డరు ఉన్న ఇల్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇవన్నీ దాటినా, ప్రభుత్వ రేడియో ఆ పాటను వినిపించే కాలం కాదు.

మరి ఆ పాటలకు సంకలనం ఎవరు చేశారు? జనమే చేశారు, నోటితో. పాణిగ్రాహి చనిపోయిన మరుసటి ఏడు, 1970 జులై 4న, శ్రీశ్రీ అధ్యక్షుడిగా విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. 1972లో జననాట్యమండలి వచ్చింది, గద్దర్, వంగపండు ప్రసాదరావు గొంతులు రాష్ట్రమంతా వినిపించాయి. పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో పుట్టి, విశాఖ షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ఉత్తరాంధ్ర యాసను, జముకు నడకను కాపాడుకుంటూ వందల పాటలు కట్టాడు. సభల్లో, విద్యార్థుల ఊరేగింపుల్లో, సంస్మరణల్లో పాణిగ్రాహి పాటలు కొన్ని మళ్లీ మళ్లీ పాడారు. ఎరుపు రంగు మీద ఆయన రాసిన చిన్న పాట, ఉద్దానం ఎక్కడుందో తెలియని కాలేజీ పిల్లల నోళ్లలో కూడా ఆడింది.

అలా నోటితో ఏరితే ఏవి మిగులుతాయో జాగ్రత్తగా చూస్తే ఒక తీరు కనబడుతుంది. వంత అందుకోవడానికి వీలున్న పాట మిగులుతుంది. ఏటా వచ్చే సందర్భం ఒకటి పట్టుకున్న పాట మిగులుతుంది. వరంగల్‌లో పాడినా, అనంతపురంలో పాడినా అర్థమయ్యే పాట మిగులుతుంది. ఊరి పేరు, షావుకారు పేరు, ఆ ఏడాది జీడిపప్పు ధర, అక్కడి పంపకాల తగాదా, ఇలాంటి వివరమున్న చరణాలు రాలిపోతాయి. కథకుడికీ వంతగాడికీ మధ్య నడిచే మాటలు అన్నిటికన్నా ముందు పోతాయి, ఎందుకంటే వాటిని ఒక్కడే పాడలేడు. రాత్రంతా నడిచిన జముకుల కథలోంచి చివరికి నిలబడేది మూడు నాలుగు నిమిషాల పాట. ఏ కంపెనీ ఒత్తిడీ లేకుండానే మన జ్ఞాపకం 78 ప్లేటు కొలతకు కుదించుకుంది. ఇది నాకు బాధ కలిగించే విషయం. పాణిగ్రాహి గొప్పదనం విడి పాటలో కన్నా కథ నడపడంలో ఉందని నా నమ్మకం. ఉద్దానం జనం రాత్రంతా కూచుని విన్నది కథనే, మనకు చేరింది పాట.

అచ్చు దీన్ని కొంతవరకే సరిచేయగలదు. పుస్తకంలో మాటలుంటాయి, వరస ఉండదు. ఫలానా చరణం దగ్గర జముకు ఆగేదా, వంత ఎక్కడ పైకి లేచేది, నవ్వు ఎక్కడ వచ్చేది, ఇవేవీ కాగితం చెప్పదు. ఆ కాగితానికైనా తీరప్రాంతంలో ఆయుష్షు తక్కువ. ఉప్పుగాలి, చెద, తుపాను. 2018 అక్టోబరు 11న తిత్లీ ఈ తీరాన్ని దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలే కాదు, ఇళ్ల కప్పులూ లేచిపోయాయి. కప్పు కింద ట్రంకుపెట్టెలో ఎవరైనా నోటుపుస్తకం దాచుకుని ఉంటే దాని గతి వేరే చెప్పనక్కరలేదు.

సినిమా దారి ఒకటి ఉంది. వంగపండు పాట ఆర్. నారాయణమూర్తి 1986 సినిమా 'అర్ధరాత్రి స్వతంత్రం'లోకి వెళ్లాక ఎంత దూరం పాకిందో అందరికీ తెలుసు. 2020లో కరుణకుమార్ తీసిన 'పలాస 1978'కు రఘు కుంచె ఇచ్చిన సంగీతంలో ఈ ప్రాంతపు జానపదం రాష్ట్రమంతా మోగింది. రెండూ మంచివే. కానీ సినిమా తనకు కావలసిన నాలుగు నిమిషాలే తీసుకుంటుంది, రాత్రంతా నడిచే కథ దానికి అక్కర్లేదు.

ఇప్పుడు మళ్లీ బీటిల్స్ దగ్గరికి వెళ్లాలి, ఎందుకంటే వాళ్ల సంకలనాల చరిత్రలో మనకు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. 1973లో అమెరికాలో కొందరు వ్యాపారులు అనుమతి లేకుండా బీటిల్స్ పాటలు కూర్చి 'ఆల్ఫా ఒమేగా' పేరుతో టీవీలో ప్రకటనలిచ్చి అమ్మారు. దానికి జవాబుగా అసలు హక్కుదారులు రెండు సంకలనాలు తెచ్చారు: 1962-66 పాటలతో ఎర్ర అట్టది, 1967-70 పాటలతో నీలం అట్టది. అట్టల మీద రెండు ఫొటోలు, ఒకే మెట్లవరస దగ్గర ఆరేళ్ల తేడాతో తీసినవి. మన దేశంలోనూ ఎందరికో బీటిల్స్ పరిచయమైంది ఈ రెంటితోనే.

ఎర్ర సంకలనంలోని 26 పాటలూ లెనన్, మకార్ట్‌నీ రాసినవే. జార్జ్ హారిసన్ రాసినది ఒక్కటీ లేదు. వేరేవాళ్లది పాడినది కూడా ఒక్కటీ లేదు. ఆ బృందం హాంబర్గ్ క్లబ్బుల్లో, లివర్‌పూల్ నేలమాళిగలో రాత్రుళ్లు పాడిన వాటిలో చాలా పాటలు అమెరికన్ నల్లజాతి సంగీతకారులవి. చక్ బెర్రీ దగ్గర గిటారు నేర్చుకున్నారు, స్మోకీ రాబిన్సన్ దగ్గర గొంతులు కలపడం నేర్చుకున్నారు, ఎదురుగా కూచోకుండా, ప్లేట్లు విని. తొలి ఆల్బముల నిండా ఆ అప్పు కనబడుతుంది. ఎర్ర సంకలనం మాత్రమే విన్నవాడికి ఆ నలుగురూ ఎవరి దగ్గరా ఏమీ నేర్చుకోకుండానే పుట్టుకొచ్చినట్టు అనిపిస్తుంది. సరిగ్గా యాభై ఏళ్ల తర్వాత, 2023 నవంబరులో, అదే సంకలనాన్ని 38 పాటలకు పెంచి మళ్లీ తెచ్చారు. హారిసన్ పాటలు చేరాయి. చక్ బెర్రీది చేరింది, స్మోకీ రాబిన్సన్‌ది చేరింది. తప్పు సరిదిద్దడం వీలైంది, ఎందుకంటే అసలు టేపులు ఉన్నాయి.

మన విషయంలో ఆ వెసులుబాటు లేదు. పాణిగ్రాహి ఎవరి దగ్గర నేర్చాడన్న ప్రశ్న జముకుల కథ చెప్పే కులాల దగ్గరికి, వాళ్లు తరాలుగా మోసిన అమ్మవారి కథల దగ్గరికి తీసుకెళుతుంది. ఏ వరస ఎవరి ఇంటిదో, ఏ ఊరి జాతరలో విన్నదో, అందులో ఆయన ఎంత మార్చాడో, ఇదే అసలైన సంగీత చరిత్ర. సంస్మరణ సభల్లో కవి పేరు చెబుతాం. జముకు మీటిన చేతుల పేర్లు, వంత పాడిన గొంతుల పేర్లు ఏ అట్ట మీదా లేవు. ఎర్ర సంకలనం చక్ బెర్రీని వదిలేసినట్టే మన జ్ఞాపకం వాళ్లను వదిలేసింది.

అరవైల చివర పదిహేనేళ్ల వయసులో ఆ కథలు విన్నవాళ్లకు ఇవాళ డెబ్బై దాటింది. ఉద్దానంలో ఇది ఇంకా కటువైన లెక్క. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి మండలాల్లో మూత్రపిండాల జబ్బు పొలం పనిచేసే మనుషులను నడివయసులోనే తీసుకుపోతోంది, కారణం ఇప్పటికీ తేలలేదు. ఆ రాత్రుళ్లు కూచుని విన్న తరంలో చాలామంది అలాగే వెళ్లిపోయారు. ఉన్నవాళ్లను అడగవలసిన పని వచ్చే ఏటికి వాయిదా వేసేది కాదు.

పని పెద్దదేమీ కాదు. ఇవాళ ప్రతి జేబులో ఉన్న ఫోను అరవైల్లో ఆకాశవాణి మోసుకు తిరిగిన టేపుయంత్రం కన్నా బాగా రికార్డు చేస్తుంది. చేసే పద్ధతే ముఖ్యం. పెద్దాయనను ఒక్కణ్ణే కుర్చీలో కూచోబెట్టి పాట పాడమంటే ఆయన అందరికీ తెలిసిన ఆ నాలుగు పాటలే పాడతాడు, మనకు ఉన్నదే మళ్లీ వస్తుంది. ఇద్దరు ముగ్గురిని కలిపి కూచోబెట్టాలి. ఒకరు మాట అందిస్తే ఇంకొకరికి వంత గుర్తొస్తుంది, వంత వస్తే వెనక కథ కదులుతుంది. పాట మరిచిపోయినవాళ్లనూ వదలకూడదు: ఏ ఊళ్లో, ఎవరి కళ్లంలో, ఏ పంట కాలంలో విన్నారో చెప్పినా చాలు. ఒకే పాట రెండు ఊళ్లలో రెండు రకాలుగా వస్తే ఏది సరైనదని తేల్చబోకుండా రెండూ ఉంచాలి. పక్కన ఇప్పటికీ అమ్మవారి జాతరలో జముకు పట్టేవాళ్లను కూచోబెట్టి, ముందు వాళ్ల ఇంటి కథను, దాని వరసలను పూర్తిగా రికార్డు చేయాలి, రాత్రంతా పట్టినా సరే, వాళ్ల కూలి వాళ్లకిచ్చి, పేరు పేరునా రాసి. పాణిగ్రాహి పాట దాని తర్వాత వినాలి. అప్పుడు ఏ మలుపు పాతదో, ఏది ఆయన కొత్తగా కట్టాడో చెవికే తెలుస్తుంది.